టెంకాయ నిలబడిన చోటు

బావ మునిరత్నం చేసిన పనిని గంగాధరం చచ్చేదాకా మరిచిపోడు.

"ఒక్క పూట ఇయ్యి అబ్బా, జిరాక్సు తీసుకోని బస్సులోనే పంపిస్తా" అని శివరాత్రికి ముందు పాసుపుస్తకం పట్టుకుపోయిన మనిషి. ఆ పూట మూడు నెలలయింది. ఎప్పుడడిగినా, నీ భూమికేమన్నా కాళ్లుండాయా లేచి పోయేదానికి, అని నవ్వడమే. ఇప్పుడు చూస్తే ఆ పుస్తకంలోని సర్వే నెంబర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా కూర్చోనున్నాయి. అడుగున ఆడిటరు గుండ్రటి ముద్ర. ఒక మాట అడిగింది లేదు, చెప్పింది లేదు.

ఆ కాయితాలు ఫ్యాను గాలికి ఎగరకుండా అక్క వరలక్ష్మమ్మ వాటి మీద ఒక బేనీషా మామిడిపండు పెట్టింది. గంగాధరం కాయితాన్ని చూడలేక పండును చూస్తున్నాడు, పండును చూడలేక గోడను చూస్తున్నాడు.

ఫోను పెట్టేసి మునిరత్నం అప్పుడే ఇటు తిరిగినాడు. ఆఫీసులో ఫైలు తప్పిపోయినప్పుడు కింది గుమాస్తాల మీద చూపించే మొహం అది.

"మే హేమా, ఏం రాసి పంపించినావు నువ్వు?"

కూతురు చున్నీ కొస సర్దుకుంది.

ఫోను చేసింది బాలచంద్ర. విదేశాల్లో చదువులకు పోయే పిల్లలకు అర్జీలు సరిచేసి పంపే అంగడి అతనిది. ఆ పొద్దు సాయంత్రం ఆరు గంటల కొరియరుకు కవరు పోవాలి. అందులో పోయే కాయితాలన్నీ ఒకసారి సరిచూసుకుందామని కూర్చుంటే, ఆడిటరు రాసిందానికీ జనవరిలో పాప రాసిందానికీ పడడంలేదంట. పాప తన వ్యాసంలో మా మామ భూమి ఎండిపోయిందని రాసింది. ఆడిటరు అదే మామకు అదే భూమిలో మంచి తోట ఉందని రాసినాడు. రెండూ ఒకే మనిషి చేతిలో పడితే ఏమనుకుంటాడు సార్, ఒకసారి ఆ వ్యాసం మీరే చదువుకోండి అని ఫోను పెట్టేసినాడు.

హేమశ్రీకి హాలండు దేశంలో సీటొచ్చింది. భూమి లోపలి నీళ్ల చదువు. ఆ దేశంలో నీళ్లు ఎక్కువై కట్టలు కట్టుకోని బతుకుతారంట, వాళ్ల దగ్గరికి పోయి ఈ పిల్ల నీళ్లు ఎట్ల వెతకాలో నేర్చుకుంటుందంట. గంగాధరానికి ఆ సంగతి మొదట చెప్పినప్పుడు నవ్వొచ్చింది. సీటు ఖాయం కావాలంటే, ఈ పిల్ల తిండికీ గదికీ మాదే పూచీ అని ఇంట్లో ఎవరో ఒకరు ఆస్తి చూపించాలి. మునిరత్నం ఇల్లు ఇంకా బ్యాంకులోనే ఉంది. మిగిలింది మేనమామ.

"రాసిందాంట్లో ఆ ముక్క తీసేసి కొత్తది పంపించు" అన్నాడు మునిరత్నం.

"జనవరిలో పోయింది నాయనా అది. వాళ్లు సదివినారు. సదివినాకనే సీటిచ్చినారు."

"అయితే కాపీ ఇట్లియ్యి. నేనూ సదవతా."

"నా దగ్గర లేదు."

ఉంది. గంగాధరానికి తెలుసు అది ఉందని. హేమశ్రీ అబద్ధం చెప్పేటప్పుడు బొటనవేలిని పిడికిట్లో దాచుకుంటుంది, చిన్నప్పటి నుంచీ.

"నీ దగ్గర లేకపోతే బాలచంద్ర తావ ఉండాదిలే" అని మునిరత్నం స్కూటరు తాళం తీసుకున్నాడు. వచ్చేటప్పుడు నోటరీ లాయరును కూడా ఎక్కించుకొస్తానన్నాడు. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ బామ్మర్ది వైపు చూసి, "పదకొండు బోర్ల ఆసామీ, అంతలోపల సంతకం ప్రాక్టీసు చేసుకో" అన్నాడు.

ఈ మాట ఈనాటిది కాదు. పెండ్లిళ్లలో, కర్మాంతరాల్లో, ఆఖరికి దామలచెరువు మామిడి మండీలో కూడా మునిరత్నం తన బామ్మర్దిని అట్లనే పరిచయం చేస్తాడు. పదకొండు బోర్లు వేసి పదకొండింట్లోనూ దుమ్ము చూసినవాడు. అది విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వినాక అయ్యో అంటారు. ఆ అయ్యో అనేదానికంటే నవ్వే నయం.

స్కూటరు చప్పుడు వీధి మలుపు దాటింది.

కింద కూర్చోని పండ్లు కోస్తున్నది నాగరత్నమ్మ, గంగాధరం పెండ్లాం. రేపు అలిపిరి నుంచి మెట్లెక్కి పోవాలని, పాప కాయితాలు మంచిగా పోతే మోకాళ్ల మెట్టు మోకాళ్లతోనే ఎక్కుతానని మొక్కుకొని, మొగునితో పాటు పొద్దున బస్సుకు వచ్చింది. వస్తా వస్తా ఒక గంప బేనీషా మోసుకొచ్చింది.

"తిను వదినా. మన తోటవే" అంటున్నది వరలక్ష్మమ్మతో. "ఆ వరదయ్య ఎంత గుత్తదారుడైనా మనిషి మంచోడు. ఏటేటా తప్పకుండా గంప పంపిస్తాడు. ఇంక రెండేండ్లు. గుత్త తీరిపోతే తోట మనకొస్తుంది. అప్పుడు సూడు, పాపకు హాలండుకే పంపిస్తా పండ్లు."

గంగాధరం నోటి దాకా తెచ్చుకున్న ముక్కను తిరిగి పళ్లెంలో పెట్టినాడు.

ఆ గంప వరదయ్య పంపింది కాదు. ఏటేటా వైశాఖంలో గంగాధరం ఎవరూ లేనప్పుడు చూసుకొని వరదయ్య దగ్గరికి పోతాడు. తన నాయన నాటిన చెట్ల కాయలు తానే డబ్బిచ్చి కొంటాడు. "మీ ఆయమ్మకు గుత్తదారు ఇచ్చినాడని చెప్పుకోప్పా, నాకేం" అంటాడు వరదయ్య. గుత్త లేదు, గాడిదగుడ్డు లేదు. పదేండ్ల కింద పదకొండో బోరు కోసం ఆ తోటను తెగనమ్మేసినాడు. తన అన్నదమ్ములకు తెలిస్తే వాటా అడుగుతారని వరదయ్య రిజిస్ట్రీ చేయించుకోలేదు, స్టాంపు కాయితం మీద రాయించుకోని గమ్మునుండిపోయినాడు. అందుకే పాసుపుస్తకంలో తోట ఇంకా గంగాధరం పేరు మీదే ఉంది.

ఈ సంగతి వరదయ్యకు తెలుసు, గంగాధరానికి తెలుసు. ఇంకొకరికి తెలుసు. ఆ కాయితం చదివి వినిపించిన మనిషికి.

గంగాధరం లేచి నిలబడినాడు. "ఉక్కగా ఉండాది. పాపా, మిద్దె మీదికి పోదాం రా."

మిద్దె మీద ఉక్క కింద కంటే నాలుగింతలుంది. రెండున్నర ఎండ. నీళ్ల తొట్టి నీడలో హేమశ్రీ గోడకు ఆనుకొని నిలబడింది. శేషాచలం కొండ ఎండకు తెల్లబారి, కప్పుకున్న దుప్పటి జారిపోయిన ముసలోడి మాదిరి కనపడుతున్నది.

"ఏం రాసినావు?"

"అన్నీ రాసినాను మామా."

"అన్నీ అంటే?"

"బోర్లు. తోట అమ్మింది. టెంకాయ."

గంగాధరం ఆ చివర నుంచి ఈ చివరకు నడిచినాడు. మళ్లా ఆ చివరకు నడిచినాడు. చెప్పులు కిందనే వదిలేసినాడు, కాళ్లు చురుక్కుమంటున్నాయి. అయినా నిలబడలేకపోయినాడు.

"నేను ఆరో తరగతిలో బడి మానినోణ్ని. నాకు తెలవకడగతాను. హాలండోడికి నా బోర్లతో ఏం పని? వాడేమన్నా అప్పిచ్చినాడా నాకు? మా దాయాది పాలోళ్లకు తెలవకుండా, నా పెండ్లానికి తెలవకుండా పదేండ్లు కడుపులో దాసుకుంటే, నువ్వు పోయి ఊరూ పేరూ తెలవనోడికి రాసిపెడతావా?"

"ఈ సదువు ఎందుకు సదవాలనుకుంటా ఉండావో రాయమన్నారు మామా. ఇంకేం రాసేది? నాకుండేది అదొక్కటే."

"అందరూ ఏం రాస్తారు?"

"దేశానికి సేవ చేస్తామని రాస్తారు. బాలచంద్ర దగ్గర రాసిపెట్టినవి ఉంటాయి. పేరు మార్చుకోని పంపేదే."

"ఆ ముక్కే పంపిచ్చుంటే పోయేది కదే."

హేమశ్రీ పిడికిలి విప్పింది, మళ్లా మూసింది. ఆమె ఏదో చెప్పబోతున్నదని గంగాధరానికి తెలిసింది. వినాలని లేదు. అయినా నడక ఆపినాడు.

గంగాధరం ఉండే పక్క పల్లెల్లో బోరు వేయాలంటే ముందు టెంకాయ తిప్పాలి. పీచు తీసిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకొని ఒట్టి కాళ్లతో చేనంతా నడుస్తారు. కింద నీళ్ల జాడ ఉన్నచోట టెంకాయ తనంతట తానే లేచి నిలబడుతుంది. ఆ పనికి మునిరామయ్య అని ఒకాయన ఉండేవాడు. పది బోర్లకూ అతనే చూపించినాడు. పదీ ఎండినాక అతను చేతులు కడిగేసుకున్నాడు. నా చేతిలో మహిమ తీరిపోయిందప్పా, ఇంట్లో పెద్దమనిషి కాని ఆడపిల్ల ఉంటే దాని చేతిలో పెట్టు, అన్నాడు. నాగరత్నమ్మ అప్పుడు పలమనేరులో పుట్టింట్లో ఉంది, వాళ్లమ్మకు బాగలేక. ఇంట్లో ఉన్నది ఎండాకాలం సెలవులకు వచ్చిన మేనకోడలు. పన్నెండేండ్లది.

మిట్టమధ్యాహ్నం. నాలుగెకరాలు నడిచింది. దక్షిణం గట్టు దగ్గర టెంకాయ లేచి నిలబడింది. గంగాధరం ఆ తావులో రాయి పాతి, దానికి పసుపు పూసి, పిల్లకు దిష్టి తీసినాడు. రెండోనాడు వరదయ్య స్టాంపు కాయితం తెచ్చినాడు. గంగాధరానికి ఇంకెవరి చదువు మీదా నమ్మకం లేదు. అరుగు మీద కూర్చోబెట్టి ఆ పన్నెండేండ్ల పిల్ల చేతనే చదివించుకున్నాడు. నాలుగోనాడు తిరుచెంగోడు బోరుబండి వచ్చింది. నాలుగు వందల ఇరవై అడుగులు. తెల్లటి రాతిపిండి తప్ప చుక్క తడి రాలేదు. బండి డ్రైవరు అరవంలో ఏదో అని తలకాయ తిప్పినాడు.

"మామా" అంది హేమశ్రీ. "ఆ పొద్దు టెంకాయ నిలబడలేదు."

"ఏం?"

"కాళ్లు కాలతా ఉండె. నువ్వేమో ఇంకొంచెం నడువు పాపా, ఇంకొంచెం నడువు పాపా అని. చాలనిపించింది. బొటనవేలితో నేనే లేపినాను."

గంగాధరానికి ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమైనాక కూడా కోపం రాలేదు. కోపం రావడానికి ఒక మనిషి కావాలి ఎదురుగా. ఎదురుగా ఉన్నది పన్నెండేండ్ల పిల్ల కాళ్లు.

"చెప్పాలని నిండాసార్లు వచ్చినాను మీ ఊరికి. అత్త ఎదురొచ్చి అన్నం పెట్టేది. నోరు రాలేదు. ఇంగ్లీషులో రాసేదానికి సులువుగా వచ్చేసింది మామా. తెలుగులో పదేండ్లకూ రాలేదు."

"అది సదివి సీటిచ్చినారా వాళ్లు?"

"ఆడుండే సారు మెయిలు పంపించినాడు. పదకొండో బోరు ఎన్ని అడుగులు పోయినారు, ఏం రాయి తగిలింది అని అడిగినాడు. టెంకాయ గురించి ఒక్క మాట అనలేదు."

నవ్వొచ్చింది గంగాధరానికి. ఊర్లో పదేండ్లలో ఒక్కడూ అడగని ప్రశ్న అది. ఎంతకు అమ్మినావు, ఎవుడు చెప్పినాడు, ఎంత అప్పుండాది అని అడిగినోళ్లే గానీ, కింద ఏం రాయి తగిలిందని ఒక్కడూ అడగలేదు.

"నేను పోనులే మామా" అంది హేమశ్రీ. "నాయన తిట్టుకుంటే తిట్టుకోనీ. నువ్వు సంతకం పెట్టబాకు. ఈడనే ఏదన్నా స్కూల్లో సైన్సు చెప్పుకుంటా."

"గమ్మునుండు."

అంతలో వీధిలో నీళ్ల ట్యాంకరు హారను కొట్టింది. వాకిండ్లన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. కింద వరలక్ష్మమ్మ బిందెలు తీసుకొని పరుగెత్తుతుంటే, వెనకనే నాగరత్నమ్మ కొంగు దోపుకొని పోవడం మిద్దె మీదికి కనపడింది. చుట్టపు చూపుగా వచ్చిన ఊళ్లో కూడా ఆమెకు నీళ్ల వరసే. బిందె చంకనెత్తుకొని తలెత్తి చూసి, "ఎండలో ఏం రాచకార్యం మాట్లాడతా ఉండారు మామా కోడలూ? దిగి రాండి" అని కేక వేసింది.

గంగాధరం దిగినాడు. ఏం చేయాలో తెలిసి కాదు, పైన ఉండలేక.

మునిరత్నం నాలుగు దాటినాక వచ్చినాడు. వెనక సీటు మీద నోటరీ లాయరు, ముసలాయన, సంచీలో ముద్రలు, ఇంకు ప్యాడు. లాయరును కూర్చోబెట్టి మజ్జిగ తెమ్మని చెప్పి, మునిరత్నం బామ్మర్దిని వాకిట్లోకి పిలిచినాడు. అతని చొక్కా జేబులోంచి నాలుగుగా మడిచిన కాయితం తొంగి చూస్తున్నది.

అతను చదివేసినాడని గంగాధరానికి తెలిసిపోయింది. ఇప్పుడేమంటాడో తెలుసు. పదకొండు బోర్ల ఆసామికి తోట అమ్ముకున్న ఆసామి అని ఇంకొక బిరుదు తగిలిస్తాడు. చెంప చెల్లుమనిపించేదానికి చెయ్యి సిద్ధంగానే ఉంది.

మునిరత్నం స్కూటరు సీటు మీద దుమ్ము తుడుస్తా నిలబడినాడు. తుడిచిన చోటే మళ్లా తుడిచినాడు.

"మన పాప ఇట్ల చేసిందని నాకు తెలవదబ్బా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. ఇరవై ఐదేండ్లలో అతను బామ్మర్ది ముందర గొంతు తగ్గించడం అదే మొదలు. "మీ ఆమెకు తెలిస్తే నా బిడ్డను బతకనిస్తుందా?"

"తెలిసేదెట్ల?"

"అదే చెప్తా ఉండా. నువ్వు సంతకం పెట్టేయి. ఆడిటరు కాయితం అట్లే పోనీ. ఆడ సీటిచ్చినోడు వేరే, ఆస్తి లెక్క సూసేవోడు వేరే. రెండూ పక్కపక్కన పెట్టుకోని సూసేంత తీరిక ఎవురికుండాది?"

"అమ్మేసిన తోట నాదని ప్రమాణం సెయ్యమంటావా బావా?"

"పుస్తకంలో ఎవురి పేరుండాది? నీ పేరే కదా. గవర్మెంటు లెక్కలో ఆ తోట నీదే. గవర్మెంటు కంటే నీకెక్కువ తెలుసునా?"

గంగాధరం బావ మొహం వైపు చూసినాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే నమ్ముతున్నాడు.

"తోట లెక్క తీసేస్తే?"

"చాలదు. బాలచంద్ర ఆడనే లెక్కేసి చెప్పినాడు. మిగతా భూమంతా చేర్చినా వాళ్లడిగిన దాంట్లో సగం తాకదు. సీటు పోతుంది." మునిరత్నం చేతిగడియారం చూసుకున్నాడు. "ఆరుకు కొరియరోడు మూసేస్తాడబ్బా. నీ చేతుల్లో ఉండాది."

నీ చేతుల్లో ఉండాది. ఆ మాట గంగాధరం ఇంకొకచోట, ఇంకొకరితో అన్నాడు. గట్టు మీద, ఎండలో, చిన్న చేతిలో టెంకాయ పెడుతూ.

లోపల నోటరీ లాయరు మజ్జిగ తాగి కాయితాలు సర్దుకున్నాడు. సంతకం ఎవరిది అని అడిగినాడు. గంగాధరం ముందుకొచ్చినాడు. ఇంగ్లీషు వచ్చునా అని అడిగినాడు. రాదన్నాడు.

"అట్లయితే తెలుగులో సదివి వినిపించాల. విని ఒప్పుకోని పెట్టినాడని నేను రాయాల కదా. ఎవురు సదవతారు?"

"అవన్నీ ఎందుకు సార్, టైమవతా ఉండాది" అన్నాడు మునిరత్నం.

"ముప్పై ఏండ్లుగా ముద్ర యేస్తా ఉండాను నాయనా. వినిపించకుండా ఒక్కటీ యెయ్యలేదు."

మునిరత్నం తానే చదువుతానని చెయ్యి చాపినాడు. అంతకు ముందే నాగరత్నమ్మ, "పాప సదవనీ అన్నా. దాని పనే కదా. దాని నోటితో మన భూములు వినాలని ఉండాది నాకు" అంది. చెయ్యి తుడుచుకొని వచ్చి లాయరుకు ఎదురుగా చతికిలబడి కూర్చుంది, హరికథకు కూర్చున్నట్టు.

కాయితం హేమశ్రీ చేతికి వచ్చింది.

పదేండ్ల కింద అరుగు మీద చదివినప్పుడు ఆ గొంతు సన్నగా, బడిలో పాఠం అప్పజెప్పినట్టుండేది. ఇప్పుడు గొంతు మారింది గానీ చదివే తీరు మారలేదు. ప్రతి సర్వే నెంబరు దగ్గరా ఆగి, హద్దులు చెప్పి, మళ్లా సాగుతున్నది. గంగాధరం అనబడే నేను, కుమారి హేమశ్రీకి స్వంత మేనమామను. ఆమె చదువుకయ్యే ఖర్చుకు నేను పూచీ పడుతున్నాను. నా స్వాధీనంలో ఉన్న భూములు ఈ కింద చూపించినవి. మెట్ట భూమి, తూర్పు గుట్ట కింద, రెండెకరాలు. మెట్ట భూమి, వంక పక్కన, ఎకరా నలభై.

నాగరత్నమ్మ ఒక్కొక్కదానికి తలూపుతున్నది.

"మామిడి తోట" అని చదివి హేమశ్రీ ఆగింది.

ఫ్యాను తిరుగుతున్నది. లాయరు కలం మూత తీసి పట్టుకోనున్నాడు. మునిరత్నం కూతురి వైపు చూసి కళ్లతోనే చదువు అన్నాడు. ఆమె చదవలేదు. పైకీ చూడలేదు. బొటనవేలు కాయితం మీద, ఆ వరస మీదనే, బయటనే ఉంది. పిడికిట్లో దాచుకోలేదు.

"ఏమ్మే నిలబడిపోయినావు?" అంది నాగరత్నమ్మ. "అదే కదా అసలైంది." లాయరు వైపు తిరిగి, "మా మామ నాటినాడయ్యా ఆ తోట. ఈయన తలకాయ తిరిగి ఎన్ని బోర్లేసినా, ఎన్ని సేండ్లు బీడు పెట్టినా, దాన్ని మటుకు అమ్మలేదు. గుత్తకిచ్చినాడే గానీ అమ్మలేదు. అందుకే నేను ఈయన్ని ఏమీ అనను. రెండేండ్లకు గుత్త తీరుతుంది. ఆ తోట మీద మా పాప సదువుకుంటే నాకంతకంటే ఏం గావాల. రాసుకోండి సామీ. నా మాటగా కూడా రాసుకోండి" అంది.

మొగుణ్ని ఆమె నలుగురిలో మెచ్చుకోవడం గంగాధరం పెండ్లయినప్పటి నుంచీ విన్లేదు. ఇదే మొదలు. దీనికోసమేనా పదేండ్లు గంపలు కొన్నాను అనుకున్నాడు. కొన్నదానికి గిట్టుబాటు అయింది. ఇప్పుడు కలం అందుకొని రెండక్షరాలు గీకితే ఆ మెప్పు అట్లే ఉంటుంది, పాప పోతుంది, బావ నోరు చచ్చేదాకా మూతబడి ఉంటుంది.

లాయరు కలం ఇచ్చినాడు.

గంగాధరం కలం తీసుకున్నాడు. హేమశ్రీ చేతిలోంచి కాయితం కూడా తీసుకొని టీపాయి మీద పెట్టినాడు. అది ఎగరకుండా పండును జరిపి దాని మీద పెట్టబోయి, ఆగి, పండును పెండ్లాం ముందర నేల మీద పెట్టినాడు.

"ఇది గుత్తదారు ఇచ్చింది కాదు" అన్నాడు. "నేను కొన్నది. ఏటేటా కొన్నదే."

నాగరత్నమ్మకు అర్థం కాలేదు. పండును చూసింది, మొగుణ్ని చూసింది.

"గంగాధరం" అన్నాడు మునిరత్నం.

"నువ్వుండు బావా. గుత్త లేదు నాగరత్నా. వరదయ్యకు అమ్మేసినా. నువ్వు పలమనేరులో ఉండినప్పుడు."

వరలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లాయరు మెల్లగా కలం మూతను తన జేబులో వేసుకున్నాడు, ఇలాంటివి ముప్పై ఏండ్లలో చాలా చూసినవాడి మాదిరి.

నాగరత్నమ్మ పండును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎందుకు?"

"పదకొండో బోరుకు."

"దక్షిణం గట్టు కాడేసింది."

"ఆ."

"ఆ తావు సూపించింది ఎవురు?"

హేమశ్రీ నోరు తెరిచింది. "అత్తా, అది" అంది.

"మునిరామయ్య" అన్నాడు గంగాధరం, ఆమె మాట మీదనే మాట వేసి. "ఇంకెవురు. ఆ ముసిలోడే. వాని టెంకాయే."

గోడ గడియారంలో ఐదు కావస్తున్నది. మునిరత్నం దాన్ని చూడలేదు. జేబులోని మడత కాయితం మీద చెయ్యి పెట్టుకొని, బామ్మర్దిని కొత్తమనిషిని చూసినట్టు చూస్తున్నాడు. హేమశ్రీ కళ్లు మేనమామ మీదనే ఉన్నాయి. సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది, కలం ఇంకా అతని చేతిలోనే ఉంది.

"ఎంత అమ్మినావు?" అంది నాగరత్నమ్మ.

అంతా ఆ కాయితంలో రాసే ఉంది. గంగాధరం దాని వైపు చూడలేదు. చూడకుండానే చెప్పగలడు, పదేండ్లుగా నిద్రలో కూడా చెప్పగలడు.

"ఎకరా పన్నెండు సెంట్లు" అన్నాడు. "నలభై మూడు చెట్లు."